ముప్పై ఒక్క జోడీలు

మా అమ్మమ్మ పోయిన పదకొండో రోజున, కరీంనగర్ నుంచి పిలిపించిన వంటాయన చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఎంతమందికి ఎయ్యాలె బియ్యం?" అని అడిగాడు. అడగాల్సిన మనిషినే అడిగాడని అక్కడున్న వాళ్ళంతా అనుకున్నారు. గ్రానైట్ యార్డులో ఇరవై ఆరేళ్ళుగా రాళ్ళు కొలుస్తున్నదాన్ని. ఏ కాలేజీలోనూ నేర్చుకున్న పని కాదు; చూసి, వేసి, తప్పి, మళ్ళీ వేసి పట్టుకున్నది. పొడవు, వెడల్పు, ఎత్తు పట్టి, పగులుకు ఎంత తీసెయ్యాలి, వంకరకు ఎంత తీసెయ్యాలి అని నేను చెప్పిన తర్వాత, కోత మిషన్ మీద నా మాట తప్పిన రాళ్ళు చాలా తక్కువ. ఆ రోజు కూడా కాగితం తీసుకుని వేశాను. ఊళ్ళో గడపలు ఇన్ని, గడపకు ఇద్దరు, నస్పూర్ నుంచి బాపు తరఫు వాళ్ళు, వేములవాడ నుంచి మేనత్త వాళ్ళు, పిల్లలు సగం. మూడు వందల నలభై అని చెప్పాను. బంతులు లేచేసరికి రెండు పెద్ద గంజుల అన్నం మిగిలింది. మనుషులు రాక కాదు. ఆకులు లెక్కపెట్టాను కదా, మూడు వందల ముప్పై ఆరు. "ఎండలకు ఎవ్వలు తింటలేరక్కా" అని వంటాయన సర్దిచెప్పాడు. ఎండ సంగతి నాకూ తెలుసు. దాన్ని లెక్కలో ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. అది తెలిసిన మనిషి ఫోటోలో ఉంది.

ఆమె పేరు నర్సవ్వ. కరీంనగర్ నుంచి వేములవాడ పోయే తోవలో ఉన్న మా ఊరి బడిలో, మధ్యాహ్నం పిల్లలకు గోధుమరవ్వ ఉప్మా వండేది. నా తల్లిదండ్రులు నస్పూర్‌లో ఉండేవాళ్ళు. బాపు బొగ్గుబాయిలో పని. కంపెనీ క్వార్టర్ ఇంకా రాలేదు. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో నాకు చోటు చాలక, మూడేళ్ళు నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. తాత అప్పటికే లేడు. భూమి లేదు. బడి వంట పని ఒక్కటే ఆ ఇంటికి ఆధారం. ఆ పని ఉన్నంతవరకే నేను అక్కడ ఉండగలను, అది పోతే ఆమె కూలికి, నేను నస్పూర్ గదికి. ఈ సంగతి నాకు పదేళ్ళ వయసుకే స్పష్టంగా తెలుసు. తెలిసే నేను చేసిన పని గురించి రాయాలనుకుంటున్నాను.

పొద్దున్నే ఆమె నాకు జొన్న గట్క పోసి, ఉల్లిగడ్డ చిదిమి పెట్టి, నేను తిన్నాక బడికి బయలుదేరేది. బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి. తుమ్మ కట్టెలు పచ్చివైతే పొగ తరగతిలోకే వచ్చేది, మేము కళ్ళు నులుముకుంటూ ఎక్కాలు చదివేవాళ్ళం. రవ్వ వేయించేటప్పుడు వచ్చే వాసన, డబ్బా నూనె కాగే వాసన, ఈ రెండూ ఆమె కొంగులో ఇంకిపోయి, ఆదివారం నాడు కూడా పోయేవి కావు. పదిన్నరకు ప్రార్థన గంట కొట్టేముందు ఆమె గేటు దగ్గర చీపురు పట్టుకుని నిలబడేది. ఊడ్చేది మాత్రం కాదు. లోపలికి వచ్చే ఒక్కొక్కరినీ చూస్తూ కుడిచేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద జరుపుకుంటూ పోయేది. వేలికి మూడు కణుపులు, చేతికి పన్నెండు. పన్నెండు నిండితే ఎడమచేతిలో ఒక కణుపు జరిగేది. ఆఖరి పిల్ల లోపలికి వచ్చాక పొయ్యి దగ్గరికి పోయి, "ఇయ్యాల కుంచెడుకు సోలెడు తక్కువ" అనో, "కుంచెడు మీద తవ్వెడు" అనో తనలో తాను అనుకుని రవ్వ కొలిచేది. రెండు సోలలు తవ్వెడు, రెండు తవ్వలు మానెడు, రెండు మానికలు అడ్డెడు, రెండు అడ్డలు కుంచెడు. అంతా రెట్టింపులే. ఆమెకు అక్షరం రాదు. అంకె కూడా రాయలేదు. ఈ రెట్టింపుల మీదే దేన్నయినా తేల్చేది. నేను ఉన్న మూడేళ్ళలో ఆ గంజులో ఒక్క గంటె మిగలలేదు, ఒక్క పిల్ల ఖాళీ పళ్ళెంతో లేవలేదు.

నాకున్న బాధ వేరే. నాకు ఒక్క గంటె వేసేది. ఎప్పుడు చూసినా ఒక్కటే. నా ఎదురుగా కూర్చునే సత్తవ్వకు మూడు. సత్తవ్వ నాకంటే పొట్టి, నాకంటే సన్నం. వాళ్ళ బాపు దుబాయి పోయి ఏడాదిగా ఉత్తరం లేదు, వాళ్ళ అవ్వ, అంటే తల్లి, బీడీలు చుట్టేది, ఆకు రాని వారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇవన్నీ నేను తర్వాత కలుపుకున్న సంగతులు. అప్పుడు నాకు కనిపించింది మూడు, ఒకటి అనే రెండు అంకెలే. ఒకరోజు ఇంట్లో అడిగేశాను.

"అమ్మమ్మా, సత్తవ్వకు మూడు ఎందుకు, నాకు ఒకటెందుకు?"

"నువ్వు పొద్దుగాల తిన్నవు గద బిడ్డా."

"అది తినలేదని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పాలె? తిన్నోళ్ళు సంచి భుజానికేసుకోని వొస్తరు. తిననోళ్ళు కడుపుకు పెట్టుకోని వొస్తరు. కండ్లు లేవా నాకు?"

"అందరికి సమానంగ వెయ్యాలె. సారు చెప్పిండు, భాగారమంటె సమానంగ పంచుడని."

"సారుకు జెప్పు, ఆయన వొచ్చి పంచుమను" అని నవ్వి పొయ్యిలోకి కట్టె తోసింది.

ఆ నవ్వు నాకు తగిలింది. నోటుబుక్కు మధ్య పేజీలు చింపి, గీతలు కొట్టి, అరవై రెండు మంది పేర్లు నిలువుగా రాసి, పన్నెండు రోజులు ఎవరికి ఎన్ని గంటెలు పడ్డాయో అడ్డంగా నింపాను. నా జీవితంలో నేను వేసిన మొదటి పట్టిక అది. ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. అందరూ వచ్చిన రోజున ఒక్క గంటె వాళ్ళు పదిహేడు మంది, రెండు గంటెల వాళ్ళు ఇరవై ఎనిమిది, మూడు గంటెల వాళ్ళు పదిహేడు. ఒంటి గంటెల వాళ్ళూ మూడు గంటెల వాళ్ళూ సరిగ్గా ఒకే సంఖ్య ఎందుకయ్యారో అప్పుడు ఆలోచించలేదు. మనిషికి రెండు గంటెల లెక్కన వచ్చే రవ్వ అది. ఒకరి దగ్గర తగ్గిందే ఇంకొకరి దగ్గర పెరగాలి. అరవై రెండు మందికి నూట ఇరవై నాలుగు గంటెలు, అందరూ వచ్చిన ఏ రోజూ ఆమె చేతిలో ఆ లెక్క కదలలేదు.

ఒక్కచోట మాత్రం నేను అబద్ధం రాశాను. నాలుగో రోజుకు ముందురోజు మా అవ్వ నస్పూర్ నుంచి వచ్చి, నన్ను చూసి, మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్ళిపోయింది. ఆ నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మమ్మ నా పళ్ళెంలో మూడు గంటెలు వేసింది. పొద్దున గట్క తినే వచ్చాను, అయినా మూడూ తిన్నాను. శుభ్రంగా మళ్ళీ రాసేటప్పుడు ఆ మూడు నా ఫిర్యాదుకు అడ్డం వచ్చింది. దాన్ని ఒకటిగా మార్చాను.

తనిఖీకి ఆఫీసర్ వచ్చినప్పుడు, లెక్కలు బాగా వచ్చిన వాళ్ళెవరని అడిగాడు. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టర్, నన్ను లేపాడు. పంతొమ్మిదో ఎక్కం చెప్పాను. "శభాష్. ఇంకేం లెక్కలు వచ్చు నీకు?" అన్నాడు ఆఫీసర్. నేను సంచిలోంచి పట్టిక తీసి ఇచ్చాను. మొదట ముచ్చటగా చూశాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. ఆ తర్వాత పెద్దసారు ముఖం చూశాడు.

మర్నాడు పెద్దసారు అమ్మమ్మను గదిలోకి పిలిపించాడు. నన్నూ నిలబెట్టాడు. ఆయన మంచివాడే. బల్ల మీద ఆ కాగితాలు పరిచి, గొంతు తగ్గించి అన్నాడు: "నర్సవ్వా, పిల్లల తిండి ఇష్టమొచ్చినట్టు పంచుతున్నవని, నిన్ను తీసేసి ఇంకొకరిని పెట్టమని అంటున్నడు ఆఫీసరు. చిన్నపిల్ల రాసిన కాగితం ఇది. దీంట్ల ఒక్కటి తప్పున్నా చెప్పు, కాగితమే తప్పని రాసి పంపిస్త, అయిపోతది." ఆపైన నా పేరు మీది వరస పైకి చదివాడు. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి… పన్నెండు సార్లు. చదువుతున్నంతసేపు అమ్మమ్మ బొటనవేలు కణుపుల మీద జరుగుతోంది. నాలుగో కణుపు దగ్గర ఆగింది. మళ్ళీ జరిగింది. ఇప్పుడు చెప్తుంది, కాగితం చింపేస్తారు, పని నిలుస్తుంది, నేను అందరిముందు అబద్ధాలకోరునవుతాను అనుకున్నాను.

"తప్పు లేదు సారు" అంది అమ్మమ్మ. "మంచిగ రాసింది. ఒక్కటి గుడ తప్పలేదు."

పెద్దసారు కాగితాలు ఒక్కటొక్కటిగా మడిచాడు. చివరికి, రేపటి నుంచి తలకు రెండు గంటెలు, గంటె అంచుకు సమానంగా గీసి, ఎవరికైనా అంతే, ఆఫీసర్ మళ్ళీ వచ్చి కళ్ళారా చూస్తాడు, అప్పుడు తేడా వస్తే తన చేతిలో ఏమీ ఉండదు అని చెప్పాడు. అమ్మమ్మ తలూపి బయటికి వచ్చింది. ఇంటికి పోయాక కాళ్ళు కడుక్కోమంది, అంతే. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

అయిదు రోజులు సమానం నడిచింది. గంటె నిండుగా తీసి, అంచు మీద చెక్కముక్కతో గీసి, అందరికీ రెండు. నేను కోరుకున్న భాగహారం అదే. పదిహేడు పళ్ళేల్లో ఒక్కో గంటె మిగిలిపోయేది, వాళ్ళు గోడ అవతల పారేసేవాళ్ళు, అప్పటిదాకా మా బడి ముఖం చూడని కుక్కలు గంట కొట్టేసరికి వచ్చి కూర్చునేవి. ఇంకో పదిహేడు పళ్ళేలు నాకి నాకి మెరిసేవి. అయిదో రోజు మధ్యాహ్నం తర్వాత సత్తవ్వ బోర్డు దగ్గర నిలబడి కూడిక చేస్తూ చేస్తూ చాక్‌పీసు వదిలేసి అక్కడే కూలబడిపోయింది. నీళ్ళు చల్లి లేపారు. అమ్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. చూసి, చీపురు తీసుకుని, కుక్కలు కూర్చునే చోటు శుభ్రంగా ఊడ్చింది.

ఆరో రోజు గంట కొట్టాక ఆమె ఉప్మా గంజు మూత తియ్యలేదు. వరండాలో ముందు కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. "నువ్విటు రా. నువ్వు ఈమె పక్కన. నువ్వు లే, ఆడ కూసో. పోరగాండ్లు, నూకుకోకున్రి." చెయ్యి పట్టి ఒక్కొక్కరినీ తీసుకొచ్చి ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టింది. అరవై రెండు మంది, ముప్పై ఒక్క జోడీలు. ఒక గంటె తినే వాళ్ళ పక్కన మూడు గంటెలు తినే వాళ్ళు. రెండు తినే వాళ్ళ పక్కన రెండు తినే వాళ్ళు. ఏ జోడీని కలిపినా నాలుగే. అందరికీ గీసి రెండు గంటెలు వేసింది. వేశాక నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఎవ్వలకన్న ఎక్కువనిపిస్తె పక్కోళ్ళకు ఇచ్చుకోన్రి. ముట్టకముందే. ముట్టినంక ఎంగిలైతది" అంది. నా పక్కన సత్తవ్వ ఉంది. ఎందుకు ఉందో చెప్పాల్సిన అవసరం ఆమెకూ లేదు, అడగాల్సిన అవసరం నాకూ లేదు. నా పళ్ళెం వంచి సగం ఆమె పళ్ళెంలోకి తోశాను. సత్తవ్వ నా వంక చూడలేదు. "గింత ఇస్తె, ఇంక నువ్వేం తింటవే" అని గొణిగి తినడం మొదలుపెట్టింది.

ఊళ్ళో గొడవ రాకుండా ఉంటుందా? ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లలతో కూర్చునే రోజులవి. ఈ జోడీలకు వాడలు లేవు. మూడో రోజున ఒక పెద్దింటాయన బడి గేటు దగ్గరే నిలబడి అరిచాడు.

"నర్సవ్వా! మా పోరిని ఎవ్వలి పక్కకు కూసోవెడుతున్నవో సోయి ఉన్నదా నీకు?"

"సోయి ఉంటేనే కూసోవెట్టిన పటేలా" అంది అమ్మమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే. "మీ పోరి ఒక గంటె తిని లేస్తది. మిగిలింది మొన్నటిదాంక కుక్కలకు పోయింది. అప్పుడు నువ్వు రాలేదు. నీకంత కష్టంగుంటె రోజు పగటీలి నువ్వే రా. నీ బిడ్డ పక్కన కూసోని ఆ ఒక్క గంటె తినిపో. జోడి నేనే మారుస్త."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన అటూ ఇటూ చూసి, పెద్దసారుతో మాట్లాడతానని వెళ్ళాడు. పెద్దసారు ఆ రోజు రిజిస్టర్‌లో చాలా పనిలో ఉన్నాడు, తల ఎత్తలేదు.

యార్డులో పని లేని ఒక వానాకాలం నేను ఈ జోడీల లెక్క వేసి చూశాను. నలుగురు పిల్లల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టాలంటే మూడు విధాలు. ఆరుగురైతే పదిహేను. ఎనిమిది మందికి నూట అయిదు. పది మందికి తొమ్మిది వందల నలభై అయిదు. అరవై రెండు మందికి ఎంతవుతుందో వేసుకుంటూ పోతే, నలభై మూడు అంకెల సంఖ్య వచ్చింది. ఆ సంఖ్యను ఏమని పిలవాలో నాకు తెలియదు. అన్ని విధాల్లోంచి ఆమె ఒకటి ఏరింది. ఆకలి ఒక్కటే చూస్తే సరిపోదు. నిన్న కొట్టుకున్న వాళ్ళని కలపకూడదు. అన్నాచెల్లెళ్ళని కలపకూడదు, ఇద్దరిదీ ఒకే ఖాళీ పొయ్యి. పైగా ఏదీ నిలకడ లేదు. ఈ రోజు రెండు గంటెల పిల్లకు రేపు జ్వరం, ఎల్లుండి ఇంట్లో పంచాయితీ. బీడీ ఆకు వస్తే మూడు రెండవుతుంది, రాకపోతే రెండు మూడవుతుంది. ఒకరు రాకపోతే మొత్తం కదలాలి, జోడీ లేని పిల్లను తన పక్కన కూర్చోబెట్టుకునేది. ఇదంతా ప్రతిరోజూ, ప్రార్థన గంటకూ రవ్వ ఉడకడానికీ మధ్య, పన్నెండు కణుపుల మీద. కంప్యూటర్ మీద ఆ సంఖ్యను మళ్ళీ మొదటి నుంచి వేసి చూశాను, అంతే వచ్చింది.

ఆఫీసర్ చెప్పినట్టే మళ్ళీ వచ్చాడు. గంజు పక్కనే నిలబడి చూశాడు. గీసిన గంటెలు రెండేసి, ఎక్కడా తేడా లేదు. తల పంకించి వెళ్ళబోతూ వెనక్కి తిరిగేసరికి వరండా అంతా పళ్ళేలు వంగుతున్నాయి. "ఇదేంటి?" అన్నాడు. పెద్దసారు జేబురుమాలు తీశాడు.

అమ్మమ్మ గంటె గంజులో పెట్టి లేచి నిలబడింది. "నేను సమానంగనె వెట్టిన సారు. మీరు సూసిన్రు. పల్లెంల పడ్డంక అది పిల్లలదాయె. వాళ్ళది వాళ్ళు ఇచ్చుకుంటె వొద్దనెటందుకు నేనెవలను?"

ఆయన వరసల వెంట నడిచి నా ముందు ఆగాడు. "కాగితం రాసింది నువ్వే కదూ? నీకెన్ని గంటెలు వేశారు?"

"రెండు సార్."

"పళ్ళెంలో ఒకటే ఉంది."

"ఒకటి సత్తవ్వకిచ్చిన సార్."

"ఇవ్వమని ఎవరు చెప్పారు?"

నేను అమ్మమ్మ వంక చూశాను. ఆమె నా వంక చూడటం లేదు, గంజు అంచుకు అంటుకున్న ఉప్మా గోకుతోంది. "ఎవ్వరూ చెప్పలే సార్" అన్నాను. అది నిజమే. ఆయన వరండా చివరిదాకా నడిచాడు. తర్వాత బడి పుస్తకంలో ఒక్క ముక్క రాసి సంతకం చేశాడు: పంపకం సక్రమంగా ఉంది. ఆమె ఆ పొయ్యి దగ్గర ఇంకో పంతొమ్మిదేళ్ళు ఉంది. నేను మాత్రం ఆ మరుసటేడు క్వార్టర్ రావడంతో నస్పూర్ వెళ్ళిపోయాను.

ఆ నాలుగో కణుపు మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆగిందనేది నా భయమేననీ, ఆమె మరిచిపోయి ఉంటుందనీ నలభై ఏళ్ళు నచ్చజెప్పుకున్నాను. పోయినేడు ఆమె మంచం పట్టాక, కరీంనగర్‌లో మా ఇంట్లో, ఒక మధ్యాహ్నం అన్నం కలిపి తినిపిస్తూ అడిగేశాను. నేను రాసిన ఒకటి నిజానికి మూడని చెప్పాను.

"యాదికున్నది" అంది. "మీ అవ్వ బస్సెక్కిన దినం. నువ్వు సంచి కడుపుకు పెట్టుకోని వొచ్చినవు."

"మరి సారు అడిగితే తప్పు లేదన్నవెందుకు? ఒక్క మాటంటే నీ పనికి ఫికరే లేకుండె."

ఆమె ముద్ద మింగి, నీళ్ళు అడిగి, తాగి, అప్పుడు చెప్పింది. "సారు కాయితం చింపుతుండె గదనే. పన్నెండు దినాలు తల వొంచుకోని రాసినవు. పని వోతె ఇంకో పని దొర్కుతది. ఆడ అందరి ముందట నీ లెక్క తప్పంటె, మళ్ళ ముడుతుంటివా లెక్కలను నువ్వు?"

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ రాలేదు. ఇంకో ముద్ద పెట్టబోతే చాలని చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దసారు గదిలో నిలబడిన రోజున ఆమెకు నలభై ఎనిమిదేళ్ళు. భర్త లేడు, భూమి లేదు, ఇంట్లో కూతురి బిడ్డ. ఆఫీసర్ తనను తీసెయ్యమన్నాడని తెలుసు, జోడీల ఉపాయం అప్పటికి ఇంకా తట్టలేదు. నాకిప్పుడు యాభై. ఇల్లుంది, జీతముంది, పేరుంది. ఆమె స్థానంలో నన్ను పెట్టి, నేను రాసిన వరసను నాకే చదివి వినిపించుకుని, ఏం చెబుతానా అని ఎన్నోసార్లు వేసి చూశాను. నాలుగో కణుపు దగ్గర నా వేలు ఆగుతుంది. అక్కడి నుంచి అయిదో దాని మీదికి జరగడం నాకు ఇంకా రావడం లేదు.